గౌరి చెప్పిన పేజీలు

పొయ్యి మీద మైదాపిండి ఉడుకుతోంది, తినడానికి కాదు, పుస్తకానికి. వీపు విడిపోయి, పదహారేసి పేజీల కట్టలుగా, ఫారాలు ఫారాలుగా ఊడివచ్చిన ఒక పాత నవలను మళ్ళీ అతికిద్దామని చిన్న గిన్నెలో జిగురు కాస్తుంటే, పచ్చి పిండి వాసన నెమ్మదిగా గంజి వాసనగా మారి వంటగది దాటి హాల్లోకి వచ్చేసరికి నా కడుపులో సన్నగా మంట మొదలైంది. ఎసిడిటీ కాదు, దానికైతే మాత్ర ఉంది. ఇది ఎమ్మిగనూరు మంట. మా చిన్నమ్మ కూతురు గౌరి మీద గౌనుల వయసులో మొదలై, మోకాళ్ళ నొప్పుల దాకా నాతో నమ్మకంగా నడిచివచ్చిన అసూయ.

మా కాలనీలో ఆడవాళ్ళం కొందరం ఫోనులో ఒక గుంపు పెట్టుకుని, ఈ మధ్య చదివి ఇష్టపడిన పుస్తకాలను వంతులవారీగా ఒకరికొకరం చెప్పుకుంటాం. ఈసారి వంతు నాది. ఓడలో వంటవాడిగా పనిచేసిన ఒకాయన రాసుకున్న జ్ఞాపకాలు, కొండ మీది ఊళ్ళో హత్య జరిగే డిటెక్టివు నవల, కొర్రలూ సజ్జల మీద ఒక లావుపాటి పుస్తకం, నా నడుము ఒకప్పుడు ఉన్నంత సన్నటి కవిత్వం, ఇవీ నేను ఎంచుకున్నవి. అన్నీ బాగున్నాయి. ఎందుకు బాగున్నాయో రాద్దామని కూర్చుంటే మాత్రం ‘చాలా బాగుంది, తప్పక చదవండి’ దగ్గర వేలు ఆగిపోతుంది. గౌరి అయితే ఆ ఓడ వంటవాడి చేత ఈపాటికి మా గుంపంతటికీ వడ్డన చేయించి ఉండేది.

డెబ్బైల చివర్లో మేము ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉండేవాళ్ళం. నాన్న అందులో గుమాస్తా. సంక్రాంతి దాటితే చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దులబండ్ల మీద పత్తి బోరాలు వస్తూనే ఉండేవి, గాలిలో సన్నటి దూది తేలుతూ ఉండేది, ఆరేసిన బట్టల మీద, చట్నీ మీద, బొరుగుల ఉగ్గాని మీద, మా నాన్న మీసాల మీద వాలేది. నాన్నకు నిజంగా మీసాలు నెరిసినప్పుడు కూడా మేము చాలా రోజులు దులుపుకొమ్మనే చెప్పాం. ఫ్యాక్టరీ సందు మొదట్లో రసూల్ భాయి అద్దె పుస్తకాల అంగడి. ఆయన ఉర్దూ చదివేవాడు, తెలుగు అక్షరాలతో ఆయనకు చూపుల పరిచయమే తప్ప మాటల్లేవు. అయినా ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో తడుముకోకుండా ఇచ్చేవాడు. పుస్తకాన్ని మూసిపెట్టి అంచు చూసేవాడు. అంచులు నల్లగా జిడ్డుపట్టి ఉంటే మంచి పుస్తకం, తెల్లగా ఉంటే పంతుళ్ళకు ఇచ్చే పుస్తకం. “ఇది తీస్కపోమ్మా, శానామందిని ఏడిపించింది,” అనేవాడు, అదొక బలవర్ధకమైన టానిక్కయినట్టు.

చినిగిన పుస్తకాలను ఆయనే కుట్టుకునేవాడు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు, మిల్లు దారం, దబ్బనం. తెలుగు తెలియకపోవడం వల్ల ఒక్కోసారి ఫారాలు వెనకా ముందూ అయిపోయేవి. ఒక డిటెక్టివు నవలలో హంతకుడు ముందు దొరికిపోయి, తరువాత తీరిగ్గా హత్య చేశాడు. కొన్నిట్లో నడిమి కాగితాలు అసలే ఉండేవి కావు. అడిగితే, “కాగితం పోతే పోనీమ్మా, కత యాడికి పోతాది,” అని నవ్వేవాడు. మాకూ అలవాటైపోయింది. మా రోడ్ల మీద బస్సులెక్కి పెరిగినవాళ్ళకు గుంతలు దాటడం ఒక లెక్కా?

వేసవి సెలవుల్లో ఆ బస్సే నన్ను ఎమ్మిగనూరులో చిన్నమ్మ ఇంటికి చేర్చేది. ఒళ్ళో ఒక సంచి, సంచి నిండా రసూల్ భాయి పుస్తకాలు, మనసు నిండా గర్వం. వాళ్ళది మగ్గాల వీధి. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి, గంజి పట్టించి కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ గంజి వాసన, తడి నూలు వాసన, ఇంటింటి నుంచి జొన్నరొట్టె కాలే వాసన కలిసి ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చునేవి. ఎండ ఎక్కితే అందరూ నీడకు చేరేవాళ్ళు. లోపల గుంటమగ్గాల మీద మగవాళ్ళు, బయట చిన్నమ్మ వాళ్ళ పొడుగాటి వసారాలో ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు ఒక రాట్నం, పక్కన నూలు చిలపలు, అంటే ఇంకా చుట్టని నూలు కట్టలు. మగ్గానికి కావలసిన కండెలు చుట్టే పని వాళ్ళది. నడుమ ఒక బుట్టలో ఉప్పు నీళ్ళతో ఉడకబెట్టిన బుడ్డలు, మీరు వేరుశనక్కాయలు అనుకునేవి, పొట్టు వలిచే చెయ్యి వలుస్తూనే ఉండేది, రాట్నం తిప్పే చెయ్యి తిప్పుతూనే ఉండేది.

ఆ వసారాకు ఒక కట్టుబాటు ఉండేది. కథ చెప్పేవాళ్ళు కండెలు చుట్టనక్కర్లేదు. వాళ్ళ వంతు నూలును వినేవాళ్ళందరూ పంచుకుని చుట్టేవాళ్ళు. చెప్పే మనిషి గోడకు ఆనుకుని, చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆ చోటు ఉందే, దాని కోసం నేను ఏడాది పొడుగునా కలలు కనేదాన్ని. పుస్తకాలు నావి. మొదట చదివేది నేను. నాకు కాక ఆ చోటు ఎవరికి?

కూర్చున్నాను కూడా. పుస్తకం తెరిచి, బడిలో నేర్పినట్టు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, గొంతు సవరించుకుని చదివాను. కాసేపు రాట్నాలు తిరిగాయి. అప్పుడు సుంకమ్మవ్వ, వసారాలో అందరికన్నా పెద్దది, నందవరం నుంచి కోడలై వచ్చి ఆ వీధిలోనే అవ్వ అయిన మనిషి, “ఆదోని పాపా, సదవొద్దు, సెప్పు,” అంది. పుస్తకం మూసి చెప్పడం మొదలుపెట్టాను. నాకు ఎప్పుడూ తొందరే. హత్య ఎవరు చేశారో ముందే చెప్పేసి, ఎందుకు చేశాడో వివరించబోయాను. సుంకమ్మవ్వ ఒక చిలప తీసి నా ఒళ్ళో వేసింది. ఆ పుస్తకం సంగతి అంతటితో తేలిపోయింది.

నా వెనక నుంచి అదే పుస్తకాన్ని మా గౌరి ఎప్పుడు చదివేసేదో తెలియదు. నాకంటే చిన్నది, సన్నటి జడ, అచ్చనగాయలు ఆడేటప్పుడు కూడా రాళ్ళకు పేర్లు పెట్టి ఆడేది. మరునాడు మధ్యాహ్నం ఆ గోడకు ఆనుకుని, “ఆ ఊర్లో ఒగ ఇల్లుండాది, ఆ ఇంటికి రెండు వాకిండ్లు,” అని మొదలుపెట్టేది. అంతే, నాకు హంతకుడు తెలిసి కూడా వాడెవడో తెలుసుకోవాలని ప్రాణం పీకేది. లోపల మగ్గాల చప్పుడు కూడా తగ్గేది. చిన్నాన్న దాహం వేసిందని బయటికి వచ్చి, చెంబు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయేవాడు.

నవలలంటే సరే. ఒకసారి రసూల్ భాయి పొరపాటున గ్రహాల మీద ఒక సైన్సు పుస్తకం ఇచ్చాడు, తెల్లటి అంచులది. చందమామ ఎప్పుడూ ఒకే మొహం మనకు చూపుతుందని అందులో ఒక ముక్క ఉంది. నేను పరీక్షకు చదివినట్టు చదివి పక్కన పెట్టాను. గౌరి దాన్ని, పెద్దల ముందర వీపు తిప్పకూడదని వెనక్కి వెనక్కి నడిచే కొత్తకోడలి కథలా చెప్పింది. వసారా మొత్తం చందమామ మీద జాలిపడింది. ఇంకోసారి వంటల పుస్తకం. మేమెవరమూ కంటితో చూడని జీడిపప్పు పాయసం ఏదో గౌరి చెబుతుంటే, అంబలి తాగి వచ్చిన వాళ్ళందరూ గుటకలు మింగారు. నా చేతిలో చిలప, కళ్ళెదుట కండె మీద చుట్టుకుంటున్న నూలు, నా చుట్టూ చుట్టుకుంటున్న అసూయ. ఒక ఏడు ఉగాదికి కూడా అక్కడికే పోయినప్పుడు చిన్నమ్మ చేసిన ఓళిగలలో, అదే బొబ్బట్లలో, పెద్దది గౌరికి పడిందని కూడా కుళ్ళుకున్నానంటే, ఆ ఏడు బెల్లం కూడా చేదుగానే ఉండిందని మీరు అర్థం చేసుకోవాలి. వేపపువ్వు తప్పేమీ లేదు.

అట్లాంటి ఒక వేసవిలోనే అత్తాకోడళ్ళ నవల వచ్చింది. పట్నంలో పెద్ద బంగళా, కారు, నౌకర్లు, మాట్లాడుకోని అత్తా కోడలూ. గౌరి దాన్ని రోజుకింత చొప్పున చెప్పింది. అందులో ఒక చోట, కోడలి పెళ్ళి చీరను ఎలుకలు కొరికేస్తే, ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి పడుకుంటుంది. అత్త తెల్లవారకముందే లేచి, కిటికీ దగ్గర వెలుతురుకు కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, తెగిన పోగును పోగుతో నులిమి, ముడి కనపడకుండా చీర మొత్తం అతికి, మడిచి కోడలి తల దగ్గర పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయి కాఫీ కలుపుకుంటుంది. గౌరి చెప్పడం ఆపింది. సుంకమ్మవ్వ రాట్నం ఆగిపోయి ఉంది. ఆమె నావైపు తిరిగి, ఆ తావు ఒక్కటి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించమని అడిగింది. ఎప్పుడూ చదవొద్దనే మనిషి.

నేను ఆ క్షణం కోసమే పుట్టినట్టు లేచాను. ఎందుకంటే పుస్తకంలో అలాంటిదేమీ లేదు. బంగళాలో నౌకర్ల మధ్య ఉండే ఆ అత్త సూది పట్టిన మనిషి కూడా కాదు. బూడిద అద్దుకుని పోగులు అతికేది ఎమ్మిగనూరు మగ్గాల వాళ్ళు కానీ ఆమె ఎందుకు అతుకుతుంది? ఆ మాటే అందరి ముందూ అన్నాను. చీర లేదు, ఎలుకలు లేవు, అంతా గౌరి కల్పించి చెప్పిందన్నాను. పుస్తకం తెరిచి పేజీలు టపటపా తిప్పి చూపించాను.

గౌరి లేచి వచ్చి, నా చేతిలోని పుస్తకంలో ఒక చోట వేలు పెట్టింది.

“ఈడ సూడక్కా. ఈ పక్క అత్తాకోడండ్లు కొట్లాడి మాట్లాడకుండా పండుకున్యారు. ఆ పక్క ఇద్దరూ కూసోని అన్నం తింటాండారు. నడుమ కాగితాలు లేవు.”

నిజమే. పేజీ అంకెలు ఒక్కసారిగా ఎగిరి దూకాయి. ఒక ఫారం మొత్తం రసూల్ భాయి కుట్టులో ఎక్కడో జారిపోయింది. నేను గుంత దాటినట్టు దాటేసి చదువుకుపోయాను, కుదుపు కూడా తెలియలేదు.

“అయితే అందులో చీర సంగతే ఉంటాదని నీకెట్ల తెలుసే?”

“ఏమో ఒగటి జరిగుండాల గదక్కా. ఊరికే కలుస్తారా అత్తాకోడండ్లు?”

“కలవరు,” అంది సుంకమ్మవ్వ వెంటనే, కోడలు పక్కనే కూర్చుని ఉండగా. వసారా అంతా నవ్వింది, ఆ కోడలు అందరికన్నా ఎక్కువ నవ్వింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, “ఆ కాగితాలు దొరికితే తీస్కరాపో పాపా. గౌరి సెప్పిందే ఉంటాది సూడు,” అంది. నాకు ఆ చెయ్యి మెత్తదనం కూడా కోపం తెప్పించింది.

ఆ కాగితాలు దొరకాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. పీర్ల పండుగలో పీరు ముందు కూడా, అందరూ చదువులూ వానలూ అడుగుతుంటే, నేను ఒక ఫారం అడిగాను. ఆదోని వచ్చీ రాగానే రసూల్ భాయి అంగడంతా వెతికించాను. ఆయన చిరిగిన కాగితాల గోనెసంచి కుమ్మరించి, నాకోసం ఒక పూట వ్యాపారం మానుకుని వెతికాడు, దొరకలేదు. ఆ తరువాత ఏ ఊరు పోయినా, ఏ పాత పుస్తకాల గుట్ట కనిపించినా నా చూపు ఆ ఒక్క నవల కోసమే పోయేది. గౌరి ఓడిపోతే చూడాలి, అంతే. ఆ పంతం లేకపోతే నేను ఇన్ని పుస్తకాలు చదివి ఉండేదాన్నో లేదో.

మొన్న దొరికింది. ఫుట్‌పాత్ మీద తడిసి, వీపు విడిపోయి, ఫారాలన్నీ మాత్రం పదిలంగా. అక్కడే నిలబడి ఆ పేజీలు చదివాను. కోడలికి జ్వరం వచ్చింది. డాక్టరు వచ్చాడు. డాక్టరుకు ఉపన్యాసం వచ్చింది. అత్తగారికి బుద్ధి వచ్చింది. అన్నీ వచ్చాయి, నాకు నమ్మకం ఒక్కటే రాలేదు. ఇన్నేళ్ళ తరువాత గెలిచి, ఆ గెలుపును చేతిలో పట్టుకుని, అచ్చువేసినవాళ్ళే ఎక్కడో పొరపాటు పడ్డారని మనసులో అనుకుంటూ ఇంటికి వచ్చాను.

గౌరికి ఫోను చేసి చెప్పాను. ఎమ్మిగనూరులో చిన్నమ్మ వసారా ఇప్పుడు మోటారు సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు. మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచారు. సుంకమ్మవ్వ ఎప్పుడో పోయింది. రసూల్ భాయి అంగడి ఉన్న చోట ఫోనులకు అద్దాలు అతికిస్తున్నారు. మగ్గాల వీధిలో పొద్దున ఇప్పుడు గంజి వాసన రాదు. నేను జ్వరం సంగతీ డాక్టరు సంగతీ చెబితే గౌరి చాలాసేపు నవ్వి, “పాపం, రాసినాయప్పకు ఎలకలు తట్టలేదేమోక్కా,” అంది. ఇప్పుడేం చదువుతున్నావని అడిగాను. చదవడం లేదట, సీరియళ్ళు చూస్తుందట. “అవి రాసేటోళ్ళు ఒగ కాగితం గూడా ఇడిసిపెట్టరక్కా. మనకేం పనుండాది ఆడ?”

జిగురు చల్లారింది. ఫారాలు వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి రాసి అతికాను. జ్వరం వచ్చిన ఫారాన్ని పక్కన పెట్టాను. దాన్ని అతకలేదు. గుంపులో నా జాబితా చివర ఈ నవలను కూడా చేర్చి, ఎవరికి కావాలన్నా నా ప్రతే ఇస్తానని, నడుమ గుంత వచ్చిన చోట తొందరపడి దాటకుండా కాసేపు ఆగమని రాశాను. పైన చెప్పినవాటన్నిటికన్నా ఇదే బాగుంటుందని రాస్తూ ఉంటే, కడుపులో ఆ పాత మంట మళ్ళీ సన్నగా రాజుకుంది. మెచ్చుకోవడం కూడా గౌరినే మెచ్చుకోవలసి వచ్చింది చూడండి.