బాల్కనీలో నా మిరపకాయలు, పక్కింటావిడ పూలు

ఊరి నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు ఈ జర్మనీ చలికి మెత్తబడిపోయాయి. ఇవాళ ఎండ కాసింది కదా అని బాల్కనీలో బల్ల మీద పాత చీర పరిచి ఆరబోశాను. గంట తిరక్కుండానే బిల్డింగు చూసుకునే పెద్దాయన తలుపు కొట్టాడు. బయటికి కనపడేలా ఏదీ ఆరబెట్టకూడదట, ఇక్కడ రూలట.

పక్కింటావిడ బాల్కనీ నిండా వేలాడుతున్న ఎర్రటి పూలకుండీలు చూపించి, "మరి అవో?" అన్నాను.

"అవి అందంగా ఉన్నాయి కదండీ" అన్నాడు.

మా గుంటూరు కాయ కంటే ఎరుపా అవి! కడుపు మండిపోయింది.

కాయలు లోపల పెట్టేసి, నా ఏడుపు చెప్పుకుందామని ఊళ్లో ఉన్న మా అక్కకి వీడియో కాల్ చేశాను. "నీ ఇంట్లో నువ్వు ఆరబోసుకుంటే ఆయనకేంటే నొప్పి?" అని నవ్వి, ఫోను అటు తిప్పింది. సగం రోడ్డు మీద అక్క మిరపకాయలే. అప్పుడే వచ్చిన బస్సు హారన్ కూడా కొట్టకుండా మట్టిలోకి దిగి, కాయలు దాటాక మళ్లీ రోడ్డెక్కింది.

పక్కింటావిడ మీద కుళ్లు అక్కడితో పోయింది. నాకు నా బాల్కనీలోనే చోటు లేదు, మా అక్క కోసం బస్సే పక్కకి దిగింది. ఇప్పుడు సొంత అక్క మీద కుళ్లుకోవడం తప్పంటారా, మీరే చెప్పండి.