తోక మాస్టారి నాలుగు సీసాలు

జంతుశాస్త్రం మాస్టారికి ఎవరిని చూసినా ముందు గుర్తొచ్చేది వాళ్ల తోకే. "నాకు తోకెక్కడిదండీ?" అంటే ఊరుకోరు.

"ఇప్పుడు లేదు. అమ్మ కడుపులో నెల రోజులప్పుడు ఉంది. మెడ దగ్గర చేపపిల్లకున్నట్టే మడతలూ ఉన్నాయి. దానికవి మొప్పలయ్యాయి, మీకు దవడా చెవీ అయ్యాయి. ఎదిగాక చుట్టాల్ని మరిచిపోతే ఎలా?"

కొత్త అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, "బాబూ, నీ తోక ఎప్పుడు పోయిందో తెలుసా?" అని పలకరించారట. ఆ అల్లుడు ఏడాదిదాకా మళ్లీ గడప తొక్కలేదు.

ల్యాబు అటెండరమ్మకు మాత్రం ఆయన మాటలంటే ఇష్టం. "మా పిల్లలకింకా ఊడినట్టు లేవు సార్" అనేది.

ఆమె ఉద్యోగం పర్మినెంటు కావలసిన నెల అది. మర్నాడు తనిఖీ అని సీసాలన్నీ తళతళలాడేలా కడిగింది. బల్లి, తాబేలు, కోడి, కుందేలు: ఇంకా రూపు కట్టని పిండాలు నాలుగు సీసాల్లో ఉండేవి. చీటీలు మాసిపోయాయని గీకి పారేసి, కొత్తవి రాసుకొచ్చి, అప్పుడు చూసింది. నాలుగూ ఒకేలా ఉన్నాయి! ఏ చీటీ దేనికో తెలియక మాస్టారిని పిలుచుకొచ్చేసరికి, ప్రిన్సిపాల్ ల్యాబులో ఉన్నారు.

ప్రిన్సిపాల్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఏది కోడో ఏది తాబేలో తెలియని ల్యాబా? ఈమెను ఇవాళే పంపించేస్తాను!"

మాస్టారు నింపాదిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చీటీలు తీయించింది నేనే సార్. తర్వాత ఎవరి దారి వారిదైనా, అందరం ఒకే పాత వంశంవాళ్లమని చూపించే పాఠమిది. ఏదీ, ఇందులో కోడి ఏదో చెప్పండి?"

ప్రిన్సిపాల్ ముక్కు గాజుకు ఆనేదాకా చూశారు. ఒకటి చూపించి, కాదు కాదంటూ ఇంకోటి చూపించారు. చివరికి, "మీకు మాత్రం తెలుసా?" అన్నారు ఉక్రోషంగా.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, నాకే తెలియట్లేదు. ఆవిడకెలా తెలుస్తుంది?"

తనిఖీవాళ్లు ఆ సీసాల ముందు గంటసేపు వాదులాడుకుని, పాఠమంటే ఇదీ అని మెచ్చుకుని వెళ్లారు. అటెండరమ్మ ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రం సీసాలు సర్దుతుంటే, ఒక్కోదాని అడుగున, కడిగినప్పుడు లేని బుల్లి చీటీ కనిపించింది. బల్లి, తాబేలు, కోడి, కుందేలు. దస్తూరీ మాస్టారిదే. ఆమెకు ఆయన పాదాలకు దణ్ణం పెట్టాలనిపించింది.

"తెలియదన్నారు కదా సార్!"

"నా తోక మీద ఒట్టమ్మా, తెలియదు" అన్నారు మాస్టారు.

అటెండరమ్మ ఆయన వెనక్కి ఒకసారి తొంగి చూసి, సీసాలు తుడిచే గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.