తనకా పూసిన మడ్‌గార్డు

రోజూ పొద్దున్న టీ కొట్టుకి వెళ్ళే దారిలో జోగి గారు ఆగి ఉన్న ప్రతి కారు దగ్గరా వంగుతారు. వెనక టైరుకీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూస్తారు. వేళ్ళు ఆడితే ముందుకి నడుస్తారు. ఆడకపోతే, ఆ కారు ఎవరిదో తెలియకపోయినా, కారుగలవాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడిపోతారు.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో ఆయన ఇక్కడే, బర్మాలోని తాకేటా పేటలో కార్ల రేకుపని చేసేవారు. ఆ సెప్టెంబరులో జనం తిరుగుబాటుని అణచడానికి సైన్యం మళ్ళీ వీధుల్లోకి దిగింది. అప్పటికి ఆయన భార్య భాగ్యవతికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వంతెన దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే అని మంత్రసాని చెప్పింది. బస్సులు లేవు. పేటలో కదిలే బండి చంద్రరావుది ఒక్కటే. ఎవరో రాయబారి వేలంలో అమ్మేసిన, పెద్ద ఇంజనున్న, రెండు తలుపుల పాత అమెరికా కారు. బయటి సరుకు రాని దేశంలో దానికి సరైన టైర్లు ఎక్కడివి? వెనక జీపు టైర్లు వేశారు. అవి లావు. గతుకు పడితే మడ్‌గార్డు అంచు టైరుని కోసేది.

"టైరు పేల్తే తుపాకీ అనుకుంటార్రా జోగీ. మనల్నే ఏసేస్తారు," అన్నాడు చంద్రరావు.

జోగి గారు అత్తగారి రోకలి తెచ్చి టైరుకీ అంచుకీ మధ్య పెట్టారు. చంద్రరావు కారుని జానెడు ముందుకీ జానెడు వెనక్కీ నడిపాడు. రోకలి దొర్లుతూ రేకు అంచుని టైరుకి తగలకుండా పైకి మడిచింది. తర్వాత, ఇక్కడ బుగ్గలకి రాసుకునే తనకా గంధం ఆ అంచుకి పూశారు. టైరుకి ఆ పసుపు మరక అంటితే ఇంకా తగులుతున్నట్టు. బరువుకి బండి కుంగుతుంది గనక, ఆయన పద్ధతి ప్రకారం వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. గుంపు కనిపిస్తే కాలుస్తారని ఎవరూ గడప దాటలేదు. రెండు బియ్యం బస్తాలు పెట్టి చూశారు. మరక అంటలేదు.

మధ్యాహ్నం బయల్దేరారు. డ్రైవరు పక్క సీటు ఏనాడో పోయింది. వెనక భాగ్యవతి, ఒక పక్క ఆమె తల్లి అప్పలమ్మ, ఇంకో పక్క జోగి గారు. వంతెన ఎక్కుతుండగా కుడి టైరు గర్రుమంది. రబ్బరు కాలిన వాసన. వంతెన చివర సైనికులు, తుపాకులు వీళ్ళ వైపే.

"బస్తాలెట్టి సూసావు గానీ, నానొక్కద్దాన్నే రెండు బస్తాలు కదేటి అల్లుడూ!" అంది అప్పలమ్మ. కూతుర్ని నవ్వించబోయింది.

"ఊరుకోయే అమ్మా," అని భాగ్యవతి మూలిగింది.

జోగి గారు కారు ఆపించి దిగారు. అత్తగారిని దింపలేదు. దారిలోనే కాన్పయితే ఆమే దిక్కు. చేతులు పైకెత్తి కారు పక్కనే నడిచారు. టైరు చప్పుడు ఆగింది. లుంగీ తడిసింది చెమటతోనో మూత్రంతోనో అప్పుడు తెలియలేదని టీ కొట్టులో నాతో చెప్పారు.

ఒక సైనికుడు ఆయన అరచేతికి అంటిన పసుపు మరక చూసి, "ఏమిటిది?" అని బర్మీస్‌లో అడిగాడు. జోగి గారు మడ్‌గార్డు చూపించారు. సైనికుడు తుపాకీ భుజానికి తగిలించుకుని, వంగి, ఆ సందులో తన వేళ్ళు దూర్చాడు. అంచు మీది గంధం గీకి వాసన చూశాడు.

"కారు వెళ్ళనీ. నువ్వు నడిచి పో."

ఆయన ఆసుపత్రి దాకా నడిచారు. దూరంగా ఎక్కడ ఢామ్మన్నా అది తుపాకో, తమ టైరో తెలిసేది కాదట. చేరేసరికి ఆడపిల్ల పుట్టి ఉంది. జయ అని పేరు పెట్టారు.

జోగి గారికి ఇప్పుడు అరవై తొమ్మిది. రేకుపని షెడ్డు మూసేసి, తాకేటాలో జయ ఇంట్లోనే ఉంటున్నారు.