చంకలో ఒక చెయ్యి, కాలరు మీద ఒక చెయ్యి

మొన్న జగిత్యాల నుంచి ఒక కాలేజీ పిల్ల వచ్చింది. జిల్లాలోని పాత ఫొటోలు పోగుచేసి ప్రదర్శన పెడతారట. కోరుట్లలో నా స్టూడియో మూతపడి చాలా ఏళ్లయింది గానీ, నెగెటివుల డబ్బాలూ పాత ప్రింట్లూ అటక మీద అలాగే ఉన్నాయి. వాటిలోంచి ఒక నలభై ఫొటోలు ఏరి నేల మీద వరుసగా పరిచింది. నలభై మంది మగవాళ్లు, అందరూ ఒకటే తీరున నిలబడ్డారు. కుడిచెయ్యి ఎడమ చంకలో దూర్చి, ఎడమచేతి రెండు వేళ్లతో అంగీ కాలరు పైకి పట్టుకున్నారు. "గిది గప్పటి ఫ్యాషనా అంకుల్?" అని అడిగింది. అవునన్నాను. రాసుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి నా మీద నాకే మంటగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా అక్కకు పుట్టుక నుంచే వినపడదు, మాట రాదు. ఇంట్లో మేము ఆమెతో మాట్లాడింది మూడే సైగలు: తిను, పో, చుట్టాలొచ్చారు. ఇరవై ఏళ్లు ఆ మూడింటితోనే నెట్టుకొచ్చాం. పైగా మా పిల్లకు అన్నీ అర్థమవుతాయని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాం. ఆమె చెప్పేది మాకు అర్థమవుతోందా అని ఒక్కడూ ఆలోచించలేదు. పెళ్లి సంబంధం కూడా మా నాయన తన తెలివితోనే వెతికాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక కార్ఖానాలో ఇరవై సాంచాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. "ఆడ అందరు చెవిటోళ్లే. మన పిల్లకు వంకెవలు వెడతరు?" అన్నాడు నాయన.

మేం నవ్వుకున్నాం గానీ, అక్కను సాంచాలు నడిపేవాడికే ఇచ్చాక ఆయన లెక్క తప్పలేదు. సాంచాల మధ్య మనుషులు రోజంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, చాయ్‌కి పోదామన్నా, సేటు వస్తున్నాడన్నా అన్నీ చేతులే. బావ ఆ సైగలను ఇంటికి తెచ్చాడు, అక్క తనవి కొన్ని కలిపింది. మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ గద్దె మీద కూర్చుని గంటల కొద్దీ చేతులాడిస్తూ పకపకా నవ్వేవాళ్లు. "ఏందో గంత ముచ్చట!" అని మా అమ్మ మూతి తిప్పేది. మమ్మల్ని చూసి నవ్వుతున్నారేమోనని నాకు అనుమానం. నవ్వితే మాత్రం తప్పేముంది?

తరువాత సాంచాలు బంద్ పడ్డాయి. గుడ్డకు గిరాకీ లేదు, పని లేదు. బావ మెట్‌పల్లి ఏజెంటును పట్టుకుని దుబాయ్ పోయాడు. ఆ రోజుల్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఇంటివాళ్లు టేపు క్యాసెట్లో మాట్లాడి పంపేవాళ్లు. మా వాడలో ఒక అత్త కోడలి మీద చాడీలతో క్యాసెట్టు రెండు దిక్కులూ నింపేసింది. అక్కకు క్యాసెట్టు దేనికి పనికొస్తుంది? చదువూ లేదు. ఆమే ఉపాయం కనిపెట్టింది. నా స్టూడియోకు వచ్చి స్టూలు మీద కూర్చుని చేతులు చూపించింది. ఒక్కో ఫొటోకు ఒక్కో మాట.

నేనేమో నాకు వచ్చిన పనే చేశాను. పక్కన ప్లాస్టిక్ గులాబీలు పెట్టి, గడ్డం దించమని, కదలొద్దని అరిచాను. వినపడని మనిషి మీద అరవడం ఒక తెలివైతే, చేతులతో మాట్లాడే మనిషిని కదలొద్దనడం ఇంకో తెలివి. ఇల్లు కురుస్తోందని ఆమె చెబుతుంటే నవ్వమని మూతి సాగదీసి చూపించానట. ఆ సంగతి చాలా రోజులకు తెలిసింది.

కొన్నాళ్లకు బావ దగ్గర నుంచి ఫొటో వచ్చింది. కారు పక్కన, నల్ల కళ్లద్దాలతో నిలబడ్డాడు. దుబాయ్ పోయిన ప్రతివాడూ ఎవడిదో కారు పక్కన నిలబడి ఫొటో పంపాల్సిందే, అది మా దిక్కు ఆచారం. బావ మాత్రం చంకలో ఒక చెయ్యి, కాలరు మీద ఒక చెయ్యి పెట్టాడు. సాంచాల కార్ఖానాలో సేటు తన రిజిస్టరు ఎప్పుడూ చంకలో పెట్టుకుని తిరుగుతాడు. అందుకే చంకలో చెయ్యి పెడితే మనది సేటు దగ్గర ఇరుక్కుందని అర్థం. దుబాయ్‌లో సేటు దగ్గర ఇరుక్కునేది పాస్‌పోర్టే. ఇక సాంచె మీద వంగినవాణ్ణి కేకేస్తే వినడు, కాలరు పట్టి గుంజాలి. కాలరు పట్టుకున్నాడంటే నన్ను బయటికి గుంజండని. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఉత్తరాలు, క్యాసెట్లు వాళ్లుండే కూలీల క్యాంపు మేనేజరు చూడనిదే బయటికి పోవట. ఈ ఫొటో మాత్రం ఆ మేనేజరే తన కారు పక్కన నిలబెట్టి సంతోషంగా తీయించాడు.

అక్క ఆ ఫొటో పట్టుకుని బస్సెక్కి కోరుట్లకు వచ్చింది. నా ముందు పెట్టి, ఏడుస్తూ నా కాలరు పట్టి గుంజింది. మొగుడు బాగుపడ్డాడని ఆనందంతో ఏడుస్తోంది అనుకున్నాను. కాలరు మాసిందని తిడుతోంది కాబోలని మరునాడు ఉతికిన అంగీ వేసుకున్నాను. ఫొటోను పెద్దది చేసి ఆమెకొకటి ఇచ్చి, ఒకటి స్టూడియో ముందు వేలాడదీశాను. కింద 'దుబాయ్ స్టైల్' అని రాశాను కూడా.

జనం ఎగబడ్డారు. దుబాయ్ పోయే ప్రతివాడికీ అదే ఫోజు కావాలి. నేనే దగ్గరుండి చేతులు సర్దేవాణ్ణి: "చెయ్యి ఇంకింత లోపటికి పెట్టన్నా, కాలర్ మీదికి లేపు." అక్క రెండోసారి వచ్చింది, ఇంకా పెద్దది చేసి ఫ్రేము కట్టించి ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు లోపల ఒకడు అదే ఫోజులో నిలబడి ఉన్నాడు. అక్క వాణ్ణి చూసింది, నన్ను చూసింది. ఫ్రేము నేలకేసి కొట్టి, నా కాలరు పట్టి బజారు నడుమ నుంచి ఈడ్చుకుపోయి సిరిసిల్ల బస్సెక్కించింది. దారి పొడుగునా కాలరు వదల్లేదు.

కార్ఖానాలో ఇంకా కొన్ని సాంచాలు ఆడుతున్నాయి. బావతో పనిచేసిన ముసలాయన ఫొటో చూడగానే నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. మళ్లీ అన్నాడు, మళ్లీ వినపడలేదు. చివరికి చెవిలో నోరు పెట్టి అరిచాడు. "సేటు పాస్‌పోర్టు గుంజుకున్నడట! తీస్కపొండ్రి అంటున్నడు! నీకు చెవులు వినవడయా?"

మూడు నెలలు ఆ మాటను నేను గోడకు వేలాడదీసి వ్యాపారం చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఏజెంటు చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి కాయితాలు లేనివాళ్లను అక్కడి సర్కారు మాఫీ చేసి పోనిచ్చినప్పుడు బావ వచ్చాడు. సగం మనిషి అయ్యాడు.

బావ అక్కతో కలిసి స్టూడియోకు వచ్చినప్పుడు గోడ నిండా ఆ ఫొటోలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. తిడతాడనుకున్నాను. "వీళ్లంత దుబాయ్ వోయిన్రా?" అన్నాడు.

"పోయిన్రు బావా."

"నాది సదివెతందుకు మీ అక్క ఉండె. ఆడ ఇర్కవడితె వీళ్లది ఎవలు సదువుతరు బామ్మర్ది?"

అదే సమయానికి సారంగాపూర్ నుంచి ఒక ముసలామె వచ్చింది. గోడ మీద కొడుకును వెతికి వేలితో చూపించింది. "ఎనిమిది నెలల సంది ఉత్తరం లేదు కొడుకా. గా ఫొటో పెద్దగ జేసియ్యి, సూసుకుంట. ఎంత మంచిగున్నడో సూడు, దొరోలె."

అక్కకు ఆమె మాటలు వినపడలేదు గానీ ఆమె ముఖం చూస్తే చాలు. నా వైపు తిరిగింది. ఆమెకు చెప్పు అన్నట్టు తల ఆడించింది. నాకు ఇప్పుడు ఆ చేతుల సైగ వచ్చు, ఇరుక్కున్నవాళ్ల కోసం ఎవరింటికి పోవాలో తెలుసు, ఏ కాయితం రాయాలో తెలుసు. ముసలామె వేలు ఇంకా ఫొటో మీదే ఉంది.

"ఏం సైజు గావాలె అవ్వా?" అన్నాను.