స్టాంకా మొండితనం

వెల్కో తన జీవితంలో ఏ పనినీ మధ్యలో ఆపి ఎరుగడు. ఆపినదల్లా స్టాంకాయే. ఈ సంగతి ఆయనే చెప్పేవాడు, అడిగినవారికీ అడగనివారికీ.

స్టాంకా ఆయన భార్యా కాదు, కూతురూ కాదు. ఎత్తయిన గోడలకు రంగు చిమ్మే యంత్రం. మిద్దె మీదినుంచి రెండు ఉక్కుతాళ్లతో వేలాడుతూ, పక్కలకు జరుగుతూ, కిటికీ కనబడగానే తనంతట తానే చిమ్మడం మానే ఇనుప చట్రం. ముప్పై ఏళ్లు తాడుకు వేలాడి ప్లోవ్దివ్ నగరపు గోడలకు రంగులు వేసిన వెల్కో, మోకాళ్లు మొరాయించాక దానిని సొంతంగా తయారుచేసుకున్నాడు. నాలుగు రోజుల్లో ఒక గోడ పూర్తిచేయగల యంత్రం. పద్దెనిమిదో బ్లాకు ఉత్తరపు గోడకు మాత్రం పదకొండు రోజులు తీసుకుంది.

ఆ పదకొండు రోజులూ రాలిత్సా రక్తం ఉడుకుతూనే ఉంది. ఇరవై ఏడేళ్ల ఆ న్యాయవాది బ్లాకు నివాసుల సంఘానికి అధ్యక్షురాలు. ఎవరి వాటా గోడకు వారే తోచిన రంగు పూసుకోవడంతో అతుకుల బొంతలా తయారైన ఎనిమిదంతస్తుల భవనాన్ని ఒక్క రంగులోకి తేవడానికి ఆమె మూడేళ్లు నగరపాలక సంస్థతో పోరాడింది. పని మొదలయ్యే రోజున ముఖద్వారం మీద ఒక నిబంధన అంటించింది: యంత్రం తిరుగుతున్న వేళ కిటికీ తెరిచినా, బాల్కనీలో మిరపకాయలు కాల్చినా, మరే విధంగా పనికి అడ్డు తగిలినా, ఆ ఇంటివారి పేరు ఎర్ర అక్షరాలతో ఇదే తలుపు మీద ప్రకటింపబడును.

అది సెప్టెంబరు నెల. చలికాలపు పచ్చడికి ఊరంతా ఎర్ర మిరపకాయలు కాల్చే నెల. ఆ నెలలో బాల్కనీలను నిషేధించడం రాలిత్సాకే చెల్లింది.

"ఎందుకాగింది బాబాయ్?" అని మొదటిరోజే కిందినుంచి నిలదీసింది.

"ఆవిడకి గాలి పడలేదమ్మాయ్."

"ఆకు కూడా కదలట్లేదు."

"నీకూ నాకూ కదలట్లేదు. ఆవిడది సున్నితమైన ఒళ్లు."

మూడోరోజు ఆరో అంతస్తు దగ్గర నలభై నిమిషాలు నిలిచిపోయింది. ఎత్తు చూసి ఆవిడకు కళ్లు తిరిగాయన్నాడు వెల్కో.

"నిన్న ఎనిమిదో అంతస్తులో ఉందిగా?"

"నిన్న కిందకి చూళ్లేదు."

రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ స్టాంకా పూర్తిగా పని మానేసేది. భోజనం వేళ దాటాక ఆవిడ కాస్త నడుం వాలుస్తుందట.

"యంత్రానికి నడుమేంటి? చట్టం ముందు అది మనిషి కాదు బాబాయ్. వాయిదా అడిగే హక్కు దానికి లేదు."

"మెల్లగా అనవే తల్లీ. వినిందంటే రేపు కూడా పడుకుంటుంది."

గడువు దాటింది. గడువు దాటితే నగరపాలక సంస్థకు కారణం చూపాలి. రాలిత్సా నాలుగు పేజీల ఫిర్యాదు రాసింది: యంత్రం నమ్మదగినది కాదు, దాని అనుమతిని రద్దు చేయవలెను. అనుమతి పోతే వెల్కోకు మళ్లీ తాడే గతి. ఆ మోకాళ్లతో తాడెక్కడం అయ్యే పని కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా నియమం నియమమే.

శుక్రవారం మధ్యాహ్నానికి గోడ పూర్తయింది. సాయంత్రం తనిఖీ అధికారి రావాలి. సాక్ష్యం లేని ఫిర్యాదు ఆమెకు గిట్టదు గనుక, మిద్దె మీదికి వెళ్లి, యంత్రంలో నమోదైన వివరాలు చూపమని వెల్కోను అడిగింది. వెల్కో పాత గుడ్డతో దాని చిన్న తెరను తుడుస్తున్నట్టు నటిస్తూ కప్పేయబోయాడు.

"చెయ్యి తియ్యి బాబాయ్."

ఇరవై మూడుసార్లు ఆగినట్టు ఉంది. ఒక్కటీ స్టాంకా తనంతట ఆగినది కాదు. ప్రతి వరుసలోనూ అదే మాట: ఎర్ర మీట, చేత్తో నొక్కబడినది.

తేదీలను, అంతస్తులను ఆమె వేలితో వెంబడించింది. ఏ వేళ ఎవరింట ఏం జరిగి ఉంటుందో ఊహించడం అధ్యక్షురాలికి కష్టం కాలేదు. ఆరో అంతస్తు, నలభై నిమిషాలు: త్సొంకా మామ్మ బాల్కనీలో మిరపకాయలు. మూడో అంతస్తు, రోజూ రెండు నుంచి నాలుగు: రాత్రంతా రొట్టెల బట్టీలో పనిచేసి పగలు నిద్రపోయే ద్రాగోమిర్. నాలుగో అంతస్తు, మంగళవారం, యాభై నిమిషాలు.

నాలుగో అంతస్తులో ఆ వరుస కిటికీ ఆమెదే.

మంగళవారం కోర్టుకు పరుగెత్తుతూ వంటింటి కిటికీ మూయలేదు. లోపల బల్ల మీద మూడేళ్ల అర్జీలన్నీ పరిచి ఉన్నాయి. సాయంత్రం ఇల్లు చేరేసరికి కిటికీ చుట్టూ ప్లాస్టిక్ కాగితం నీటుగా అతికించి ఉంది. అది పనిలో భాగమనుకుంది.

"లోపలికి రంగు తుంపర్లు పడకుండా నా కిటికీని ఎవరు కప్పారు?"

"ఏ కిటికీ?"

"తాడెక్కావా బాబాయ్? ఆ మోకాళ్లతో?"

"గుర్తు లేదమ్మా. వయసు మీద పడింది."

"మరి మిగతావాళ్ల పేర్లైనా నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు ఊరుకునేదానివా? తలుపు మీద ఎర్రగా రాసేదానివి. ఆవిడ మీద రాసుకో. ఆవిడకి సిగ్గూ శరమూ లేవు."

ఐదింటికి, వెల్కో చట్రాన్ని కిందకి దించేసరికి, తనిఖీ అధికారి మినెవ్ వచ్చాడు. గోడను మెచ్చుకున్నాడు, ముఖద్వారం ముందు బల్ల మీద కూర్చుని కలం తీశాడు.

"ఆలస్యానికి కారణం?"

"యంత్రమే సార్. మొండిది," అన్నాడు వెల్కో.

"అలా రాస్తే దీన్ని నగరంలో మళ్లీ వాడనివ్వరు. తెలుసా?"

వెల్కో చట్రం వైపు ఒకసారి చూసి తల ఊపాడు. "రాసుకోండి."

"రాయకండి," అంది రాలిత్సా. చేతిలోని ఫిర్యాదును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. "మంగళవారం యాభై నిమిషాలు నావి. నా కిటికీ తెరిచి ఉంది."

గుమ్మంలో గుమిగూడిన బ్లాకు నివాసులంతా ఆమె వైపు తిరిగారు. అంతలో వెనకనుంచి త్సొంకా మామ్మ గొణిగింది: "నలభై నావి. సగం కాలిన మిరపకాయల్ని వదిలేస్తే ఎవరు తింటారు?" ద్రాగోమిర్ ఆవులిస్తూ చెయ్యెత్తాడు. ఐదో అంతస్తు నుంచి ఇద్దరు ఒకే అరగంట తమదేనని వాదులాడుకున్నారు. ఎవరి మట్టుకు వారు పదకొండు రోజులుగా తప్పు తమ ఒక్కరిదే అనుకుని కిమ్మనకుండా ఉన్నారు.

ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు వెల్కో పక్కకు పోయి, చట్రానికి అంటిన రంగు తుడవడంలో మునిగిపోయాడు.

"సరే, సరే, యంత్రం తప్పు లేదు. అనుమతి అలాగే ఉంటుంది," అని మినెవ్ సంతకం గీకి లేవబోయాడు.

"కూర్చోండి," అంది రాలిత్సా, తెల్లకాగితాల కట్ట విప్పుతూ. "ఒక్కొక్కరి వాంగ్మూలం తేదీతో, సమయంతో నమోదు కావాలి. ఇంకా పది మందికి పైగా ఉన్నారు."

త్సొంకా మామ్మ ఆయన ముందు రొట్టె, కొత్త పచ్చడి పెట్టింది. మినెవ్ కూర్చున్నాడు.