పదిహేడు అక్షరాల బండ

కడపలో రాళ్ల దుకాణాలుండే వీధి చివర నారాయణది రేకుల షెడ్డు. నలభై ఏళ్లుగా నల్ల బండల మీద ఊరివాళ్ల పేర్లు చెక్కాడు. సమాధులకు, కొత్త ఇళ్లకు, బోరు వేయించిన దాతలకు. ఇప్పుడు పక్క షెడ్డులో యంత్రం ఆ పని గంటలో చేస్తుంది. చేతిచెక్కుడే కావాలనే కొద్దిమంది మాత్రం నారాయణ దగ్గరికి వస్తారు.

బండ మీద రాసేవాడు ముందు అక్షరాలు లెక్కపెట్టాలి. వరుసకు ఎన్ని పడతాయో తెలియకుండా ఉలి పెట్టకూడదు. అందుకే, ఐదు, ఏడు, ఐదు అక్షరాలతో మూడు పాదాల కవిత రాయొచ్చని బొరుగుల పొట్లం కాగితంలో చదివినప్పుడు అతనికి అది కొత్త విద్య అనిపించలేదు. ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు.

కాలిన రాయి
తొండ తల ఊపింది
ఎవరికోసం

ఇలాంటివి రెండు వందలు దాటాయి. ఒక్కటీ బండ ఎక్కలేదు. బండ మీద ఎప్పుడూ పక్కవాళ్ల మాటలే.

పోయిన వేసవిలో కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. నరం దెబ్బతింది, సుత్తి మానెయ్యమన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య సుబ్బలక్ష్మమ్మ లోపలికి వెళ్లింది. నోటుబుక్కు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మానేసేలోపల దీంట్లోది ఒకటి నీకోసరం చెక్కుకో."

"ఏది చెక్కమంటావు మే?"

"నాకేం తెలుసు? కాకి ఉండాది, తొండ ఉండాది, పక్కింటోళ్ల మేక గూడా ఉండాది. నేను యాడుండా?"

నారాయణ పేజీలన్నీ తిప్పాడు. నిజమే, ఆమె లేదు.

చెయ్యి పడిపోయేలోపు ఆమె మీద ఒకటి రాసి బండకెక్కించాలని పట్టుబట్టాడు. మూడు రోజులు కూర్చుని చందమామనూ కలువలనూ పెట్టి రాశాడు. లెక్క సరిగ్గా కుదిరింది. చదివి వినిపించాడు.

"ఎవురప్పా ఆయమ్మ? సినిమాలో పిల్లా?" అంది ఆమె, బియ్యం చెరుగుతూనే.

కొట్టేశాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. అక్షరం కింద ఒత్తు చెక్కాలంటే సన్నని దెబ్బలు పడాలి, వాటికి వేళ్ల పట్టు కావాలి. ఆ పట్టు ఇప్పుడు లేదు. కాబట్టి ఒత్తుల్లేని మాటలే ఏరుకోవాలి. ఒక్కో మాటనూ పక్కన పెడుతూ పోతే పెళ్లయిన కొత్తలో వచ్చిన కరువు గుర్తొచ్చింది. వాగు ఇసుకలో గుంత తీసి, ఊరిన నీళ్లు తోడుకుని ఆమె బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేది. వెనక ఇసుక మీద ఆమె పాదాల తడి కనబడి, చూస్తుండగానే ఆరిపోయేది.

ఎండిన వాగు
ఇసుక మీద నీది
తడి అడుగు

ఈసారి చదివి వినిపిస్తే చేట ఆగింది.

"అప్పుడు చూస్తాంటివా నువ్వు?"

"చూస్తాంటి."

"ఒగ దినమన్నా బిందె పట్టుకుంటివా మరి?"

మరుసటి ఉదయం ఇంటి ముందే ఒక బండ మీద గీతలు కొట్టి చెక్కడం మొదలుపెట్టాడు. రోజుకు రెండక్షరాలు. సాయంత్రానికి చెయ్యి వాచేది, ఆమె ఉప్పు కాపడం పెట్టేది. తొమ్మిదో రోజుకు పదహారు అయ్యాయి. చివరి 'గు' దగ్గర సుత్తి జారి కాలి పక్కన పడింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది.

సుబ్బలక్ష్మమ్మ చెంగు నడుముకు దోపి సుత్తి తీసుకుంది. "ఉలి నువ్వు పట్టుకో. యాడ కొట్టాల్నో చెప్పు."

"వేలు నలుగుతాది మే."

"నలిగితే కట్టు కడతాలే. కదలాకు."

ఒక్కో దెబ్బకూ "మెల్లిగా", "ఇంగొంచెం" అంటూ అతను, పెదవి బిగబట్టి ఆమె. మధ్యాహ్నానికి అక్షరం తేలింది. కానీ పక్కకు ఒరిగింది. రాళ్ల దుకాణాల వీధిలో ఒక అక్షరం తప్పినా బండ తిరగేసి నేలకు పరుస్తారు. ఆమెకు అది తెలుసు. ముఖం చిన్నబోయింది.

"చెడగొడితినప్పా. తిరగెయ్యి."

నారాయణ ఎడమచేత్తో రాతిపొడి తుడిచాడు.

"ఉండనీ మే. నెత్తిన బిందె పెట్టుకోని ఇసుకలో నడిచేదాని అడుగు తిన్నగా యాడ పడతాది?"

"నా నడక అంత వంకరా?" అంటూనే ఆమె బండకు ఒక పక్క చెయ్యి వేసింది. రెండో పక్క అతను పట్టాడు. అక్షరాలు పైకే ఉంచి, ఇద్దరూ కలిసి దాన్ని ఇంట్లోకి మోసుకుపోయారు.