అత్త వంటకు నా నాలుక

మా ఆయనది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. ఆదివారం కూడా డ్యూటీ పడేది. నేను అరసవల్లిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారం వచ్చిందంటే గుడికి వచ్చే జనంతో, ఆటోలతో మా వీధి దాటడమే కష్టం. అందుకని ఆ రోజంతా నేనూ మా అత్తా ఇంట్లోనే ఉండి, ఇష్టమైనవి వండుకునేవాళ్లం.

మామగారు పోయాక అత్త పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక ఇనప మూకుడు, పాత చీరల మూట ఒకటి తెచ్చుకుంది. ఆ చీరలతో మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని బొంతలు కుట్టేది. నేను పక్కనే కూర్చుని క్రోషియా అల్లుకునేదాన్ని. రేడియోలో పాటలు వస్తుండేవి. మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

పెళ్లికి మా వాళ్లు నాకు నాన్‌స్టిక్ గిన్నెల సెట్టు పెట్టారు. ఏడాది తిరగకుండానే దాని నల్లపూత లేచిపోయింది. అత్త ఒకసారి పెనాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఏటే ఇది, ఉల్లిపొరలాగ ఊడొచ్చెస్తన్నాది? ఇది మనం తింతన్నామేటి?"

నేను నవ్వాను. ఆ వారమే చీపురుపల్లి వెళ్లాం. మా పుట్టిల్లు అటువైపే. స్టేషన్ నుంచి బజారుకి వెళ్లే దారిలో ఇనప సామాన్ల కొట్టు ఒకటుంది. అత్త ప్రతి పెనాన్నీ వేలి కణుపుతో తట్టి చూసింది. ఒక దోసె పెనం, చిన్న మూకుడు, మందపాటి సత్తు గిన్నెలు రెండు తీసుకున్నాం. పెద్ద షాపులో ఒక్క పెనానికయ్యే ఖర్చుతో మా సంచి నిండిపోయింది. తిరుగు రైల్లో ఆ సంచిని ఆమె కింద పెట్టనివ్వలేదు. చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక పెనాన్ని గంజిలో నానబెట్టి, నూనెలో ముంచిన ఉల్లిపాయ ముక్కతో రోజూ రుద్దాం. కొన్నాళ్లకి దోసె దానంతటదే లేచి రావడం మొదలైంది. ఆ రోజు అత్త పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది. వంకాయలు వేసి నెత్తళ్ల ఎండుచేపల ఇగురు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, పాత మూకుడులో దిబ్బరొట్టె, ఇలా వారానికొకటి మొదలుపెట్టాం. ఎవరి మెప్పు కోసమూ కాదు. అంతకు ముందు వంటంటే నాకు చాకిరీ. అందులో సరదా ఉందని ఆమె దగ్గరే తెలిసింది.

దిబ్బరొట్టె సన్నని సెగ మీద మెల్లగా కాలాలి. మూత పెట్టేసి అత్త పెరటి మెట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించేది. ఆమెది అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లకి అది మామూలు అలవాటు. నిప్పు లోపలికెందుకని పెళ్లయిన కొత్తలో అడిగాను.

"నాట్లేసినప్పుడు గాలికి ఆరిపోదు. కూరొండినప్పుడు నుసి పడదు" అంది.

దిబ్బరొట్టెకి కరకరలాడే అంచంటే ఆమెకి ప్రాణం. నాకు కూడా పెట్టకుండా తినేసేది. అలాంటిది ఒక ఆదివారం ఆ అంచు విరిచి నా కంచంలో వేసింది. పన్ను కదులుతోందంది. తర్వాత కారం తగ్గించమంది. ఇంకొన్నాళ్లకి, నెత్తళ్ల ఇగురు చేదుగా ఉందని కంచం పక్కకి జరిపింది. నేను తిన్నాను. చేదు లేదు.

"నోరు తెరు అత్తా" అని ఫోను లైటు వేసి చూశాను. అంగిలంతా తెల్లగా, ఎండిన నేలలా బీటలు పడి ఉంది. నడిమధ్య ఎర్రటి పుండు. ఎన్నాళ్ల నుంచని అడిగితే కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

విశాఖపట్నం తీసుకెళ్లాం. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. డాక్టరమ్మ చుట్ట సంగతి అడిగింది.

"మా అమ్మ తాగింది, మా అత్త తాగింది. ఆలకేటీ అవనేదు కదమ్మా" అంది అత్త.

డాక్టరమ్మ ఆపరేషన్ ఎప్పుడో చెప్పింది.

అంగిలి సగం తీసేసి, ఆ ఖాళీలో ప్లాస్టిక్ బిళ్ల ఒకటి అమర్చారు. అది లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. మాట ముక్కులోంచే వచ్చేది. ఆ తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. దానితో నోరంతా పొక్కి, ఉమ్మి ఎండిపోయి, రుచన్నది పూర్తిగా పోయింది. ముక్కులోంచి గొట్టం వేసి పంపించారు. చోడిపిండి, అదే రాగిపిండి, పలచగా కాచి, వడగట్టి, సిరంజితో నేనే పోసేదాన్ని. గొట్టంలో అంబలి దిగుతుంటే ఆమె గోడవైపు చూస్తూ కూర్చునేది.

అప్పటినుంచి మా ఇంట్లో తాలింపు వేయలేదు. ఆ వాసన ఆమెకి తగిలితే ఎలా ఉంటుందోనని. నేను పెరుగన్నం కలుపుకుని వెళ్లి స్కూల్లో తినేదాన్ని. మా ఆయన క్యాంటీన్‌లో తినేవాడు. ఇంట్లో తినాల్సి వస్తే తలుపు దగ్గరగా వేసుకుని, చప్పుడు కాకుండా తినేవాళ్లం. ఇనప పెనానికి తుప్పు పట్టింది.

అది ఆమె కంట పడింది. ఆ పెనం తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"మీరేటి, దొంగల్లాగ దాక్కుని తింతన్నారు? నాను సచ్చిపోనాననుకున్నారా?"

"అది కాదమ్మా, నీ ముందు ఎలగ తింతాం?" అన్నాడు మా ఆయన.

"ముద్ద దిగనిది నాకు. మీకేటయ్యింది? నా సేతులు బాగానే ఉన్నాయి. నన్ను వొండనీండి."

మాట సరిగ్గా అర్థం కాకపోతే రెండోసారి అంది. రెండోసారి అంటున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతవరకూ, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు కూడా, ఆమె ఏడవడం నేను చూడలేదు.

మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. పొయ్యి పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఆమె వండేది. నేను గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూసేదాన్ని.

"ఎలగున్నాది?"

"బాగుంది అత్తా."

"బాగుందంటే నాకేటి తెలుస్తాది? సరిగ్గా సెప్పు."

చెప్పడం నేర్చుకున్నాను. ముందు పులుపు తగులుతోందని, బెల్లం వెనక నుంచి వస్తోందని, మెంతి కాస్త ముదిరి వేగిందని. నేను చెబుతుంటే కళ్లు మూసుకుని వినేది. గొంతు మింగుతున్నట్టు కదిలేది. పిల్లలకి పాఠం చెప్పి బతికేదాన్ని, ఒక్కోసారి నాకు మాటలు చాలేవి కావు. అప్పుడు నా ముఖం చూసి తనే ఏదో పోల్చుకునేది.

ఒకసారి ఇగురులో ఉప్పు రెండుసార్లు పడింది. నోట్లో పెట్టలేకపోయాను. చెప్పాను. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గిన్నె లాక్కుని, బాగుందంటూ గబగబా నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఆపరా. నీ పెళ్లాం నిజం సెప్పింది. నువ్వు అబద్దం ఆడతన్నావు" అంది అత్త. కొంతసేపటికి తనలో తను అనుకున్నట్టుగా, "ఒక్కపాలే ఏసినాననుకున్నాను" అంది.

ఆ ఏడు వర్షాలు మొదలయ్యేసరికి మెడలో గడ్డ లేచింది. ఇక చేయడానికేమీ లేదని, నొప్పికి మందులు మాత్రం ఇచ్చారు. కూర్చోలేని స్థితి వచ్చాక వంటింటి గుమ్మంలో బొంత పరిపించుకుని పడుకునేది. నేను వండుతుంటే వేలితో సైగ చేసేది, సెగ తగ్గించమనో, మూత తియ్యమనో. తర్వాత్తర్వాత వేలు కూడా కదల్లేదు. వాన కురుస్తున్న ఒక ఉదయం, నేను అంబలి కాచి తెచ్చేలోగా పోయింది.

నాకోసం కుడుతున్న బొంత సగంలో ఆగిపోయింది. దాన్ని నేను పూర్తి చేయలేదు. అంత దగ్గర కుట్టు నాకు రాదు.

పెద్దకర్మ రోజున విస్తరి వేసి ఆమెకి ఇష్టమైనవన్నీ వడ్డించాం. మా ఆయన పెద్దమ్మ కొంగు ముడి విప్పి, ఒక చుట్ట తీసి విస్తరి అంచున పెట్టింది. మా ఆయన దాన్ని తీసి నలిపి పారేశాడు.

"ఏటిరా ఆ పని? పోయినోలికి ఇష్టమైంది పెట్టాల కదా!" అంది పెద్దమ్మ.

"మా అమ్మని తినీసింది అదే!" అని అరిచి, అక్కడే అందరి ముందూ కూలబడి ఏడ్చాడు.

పెద్దమ్మ పెరట్లోకి వెళ్లింది. చెల్లెలి కోసం ఏడుస్తూనే, ఇంకో చుట్ట వెలిగించి నిప్పుకొస నోట్లో పెట్టుకుంది.

ఆ నెలలోనే మా పుట్టింటికి వెళ్లాను. మా అమ్మకీ అదే అలవాటు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, దానివల్ల అమ్మకి ఏమైనా అవుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మ నాకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. నేను ఫోను లైటు వేసి, ఒకసారి నోరు తెరవమన్నాను. నేనెందుకు అడుగుతున్నానో ఆమెకి తెలుసు. అత్తని చూడటానికి రెండుసార్లు వచ్చింది కూడా.

"నాకేటీ నేదు. తిను" అంది.

బతిమాలాను. చివరికి కోప్పడ్డాను. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపి, పులుసు గిన్నె నా వైపు జరిపింది.